సలూకీ: ఎడారి వేటకుక్క

సలూకీ మధ్యప్రాచ్యపు ఎడారుల్లో, రాతి మైదానాల్లో కుందేళ్లను, జింకలను తరిమి పట్టడానికి పెంచుకొస్తున్న ప్రాచీన వేటకుక్క జాతి. నేలకు ముక్కు ఆనించి వాసన వెంట వెళ్లే జాగిలాల తీరు వేరు, దీని తీరు వేరు. ఇది కంటితో వేటను పట్టి కాళ్లతో అందుకుంటుంది. అరేబియా ద్వీపకల్పం, సిరియా, ఇరాక్, జోర్డాన్, ఇరాన్ దీని సహజ ప్రాంతాలు. ఇరాన్‌లో దీన్ని తాజీ అంటారు. ఐరోపాలో ఒకప్పుడు పర్షియన్ గ్రేహౌండ్ అనీ, గజెల్ హౌండ్ అనీ పిలిచారు. అంతర్జాతీయ శునక సమాఖ్య (ఎఫ్‌సీఐ) దీన్ని పదో వర్గంలో, 269వ సంఖ్య గల ప్రమాణం కింద నమోదు చేసింది. ఉత్తర ఆఫ్రికాకు చెందిన స్లూగీ, అఫ్గానిస్థాన్‌కు చెందిన అఫ్గాన్ హౌండ్ దీనికి దగ్గరివే గాని వేరు జాతులు. పొట్టి వెంట్రుకల సలూకీని చూసి స్లూగీ అనుకునేవారు కుక్కల ప్రదర్శనల్లో కూడా తరచు తగులుతారు.

ప్రాచీనత

సన్నని నడుము, లోతైన ఛాతీ, వేలాడే చెవులు, కుచ్చుతోక ఉన్న వేటకుక్కల బొమ్మలు ప్రాచీన ఈజిప్టు చిత్రాల్లో కనిపిస్తాయి. థీబ్స్‌లో 18వ రాజవంశపు మంత్రి రెఖ్మిరే సమాధి గోడల మీద కప్పం తెచ్చేవారి వెంట ఇలాంటి కుక్కలున్నాయి. టూటన్‌ఖామున్ సమాధిలో దొరికిన బంగారు విసనకర్ర మీద, రథమెక్కి నిప్పుకోళ్లను వేటాడుతున్న రాజుకు ముందు ఒక సన్నని కుక్క పరుగు తీస్తుంటుంది. చైనా మింగ్ చక్రవర్తి షువాన్‌డె 1427లో స్వయంగా గీసిన రెండు కుక్కల చిత్రం ఇప్పుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయ సంగ్రహాలయంలో ఉంది. అందులోని కుచ్చుచెవులు, పొడుగు కాళ్లు చూస్తే అవి సలూకీలని ఎవరూ చెప్పనక్కర్లేదు. పశ్చిమాసియా నుంచి కానుకలుగానో, వర్తకంలోనో అవి అంత దూరం వెళ్లి ఉంటాయి. అరబ్బీ సాహిత్యంలో వేట కవిత్వం ఒక ప్రత్యేక శాఖ. ఎనిమిది, తొమ్మిదో శతాబ్దాల సంధికాలపు కవి అబూ నువాస్ వేటకుక్కల మీద రాసిన పద్యాలు ఆ శాఖలో పేరెన్నికగన్నవి.

ఈ బొమ్మలన్నీ చూపి, ఐదు వేల ఏళ్లుగా ఈ జాతి మారకుండా ఉందని చెప్పడం పెంపకందారులకు అలవాటు. అది కొంచెం అతిశయోక్తి. ఒకే పని చేసే కుక్కలు ఒకే రూపానికి రావడం సహజం కాబట్టి, బొమ్మలో పోలిక ఉన్నంత మాత్రాన వంశం తెగలేదని రుజువు కాదు. 2004లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం సలూకీని తోడేలుకు దగ్గరగా నిలిచే ప్రాచీన జాతుల సరసన చేర్చింది. తర్వాత వచ్చిన పరిశోధకులు ఆ మాటను సవరించారు. పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో కుక్క జాతుల మధ్య విపరీతంగా సంకరం జరిగింది. ఆ కలగాపులగంలో పడకుండా దూరంగా ఉన్న జాతులే నేడు వేరుగా కనిపిస్తున్నాయని వారి వాదన. సలూకీ విషయంలో ఈ వివరణే బాగా పొసుగుతుంది. ఎడారి తెగలు వంశవృక్షాలు కాగితాల మీద రాసుకోలేదు. బాగా వేటాడిన కుక్కను బాగా వేటాడిన కుక్కతో కలిపారు. అందుకే ఒక తెగ కుక్కకూ మరో తెగ కుక్కకూ ఎత్తులో, జుట్టులో, రంగులో అంత తేడా. నేటి ప్రమాణం కూడా ఈ వైవిధ్యాన్ని తప్పుగా కాక జాతి లక్షణంగానే లెక్కిస్తుంది.

ఎడారి జీవితం

ఇస్లామిక సంప్రదాయంలో కుక్కను సాధారణంగా ఇంట్లోకి రానివ్వరు. సలూకీకి ఆ నియమం వర్తించలేదు. బెదూయిన్లు దీన్ని కుక్కల లెక్కలోనే వేయకుండా, మేలు జాతి అనే అర్థంలో అల్ హుర్ర్ అని గౌరవంగా పిలిచారు. డేరాలో చోటిచ్చారు, కుక్కపిల్లల పెంపకాన్ని ఆడవాళ్లకు అప్పగించారు. శిక్షణ పొందిన జంతువును దేవుని పేరు తలచి వదిలితే అది పట్టిన వేట తినదగినదేనని ఖురాన్ ఐదో సూరా అనుమతిస్తుంది. మాంసం అరుదుగా దొరికే చోట ఆ అనుమతి ఎంత విలువైనదో ఊహించవచ్చు. మంచి సలూకీని అమ్మడం మర్యాద కాదు, కానుకగా ఇవ్వడమే పరువు అన్న ఆచారం చాలా తెగల్లో ఉండేది.

వేటకు వెళ్లేటప్పుడు కుక్కను ఒంటె మీదో గుర్రం మీదో ఎక్కించుకుని వెళ్లేవారు. దాని కాళ్లు కాలే ఇసుకలో వృథాగా అలసిపోకుండా కాపాడి, వేట కంటపడగానే కిందికి వదిలేవారు. పెద్ద జింకల వేటలో డేగ కూడా తోడుండేది. అది పైనుంచి జింక తల చుట్టూ కమ్ముకుని దాని పరుగును తడబడేలా చేస్తే కుక్క వచ్చి పట్టేది. అరికాళ్లు గట్టిపడటానికి గోరింటాకు పెట్టడం కొన్ని తెగల అలవాటు. పిల్లకుక్కలకు ముందు ఎడారి ఎలుకలతో, ఆ తర్వాత కుందేళ్లతో పని నేర్పేవారు. తిండి రొట్టె, ఖర్జూరం, ఒంటె పాలు, వేటలో మిగిలింది.

ఇరవయ్యో శతాబ్దంలో తుపాకీ, మోటారు కారు వచ్చాక ఎడారిలో జింకలు వేగంగా తగ్గిపోయాయి. వేటలేని చోట వేటకుక్కకు పనిలేకపోయింది. ఇప్పుడు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోనూ, ఇరుగుపొరుగు దేశాల్లోనూ యాంత్రిక ఎర వెంట పరుగుపందేలు ఈ జాతిని నిలబెడుతున్నాయి. ఐరోపాలో ఈ జాతి చరిత్ర ఎడారి చరిత్రకన్నా చాలా చిన్నది. 1895లో ఫ్లోరెన్స్ ఆమ్హర్స్ట్ అరేబియా సలూకీలను ఇంగ్లండుకు తెప్పించి పెంపకం మొదలుపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమాసియా నుంచి తిరిగివచ్చిన సైనికాధికారులు మరికొన్నిటిని తెచ్చారు. 1923లో బ్రిటిష్ కెన్నెల్ క్లబ్, 1929లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించాయి.

దేహం, పరుగు

భుజం దగ్గర ఎత్తు 58 నుంచి 71 సెంటీమీటర్లు, ఆడవి కొంచెం తక్కువ. బరువు చాలావాటిలో 18 నుంచి 27 కిలోల మధ్య ఉంటుంది. తల పొడుగ్గా, సన్నగా ఉంటుంది. కళ్లు పెద్దవి, గోధుమ రంగువి, దూరాన ఎక్కడో చూస్తున్నట్టుండే చూపు. జుట్టులో రెండు రకాలు: చెవులకు, తోకకు, కాళ్ల వెనక పట్టు కుచ్చులున్నది ఒకటి, ఒళ్లంతా నునుపుగా పొట్టి వెంట్రుకలున్నది మరొకటి. తెలుపు, మీగడ రంగు, లేత గోధుమ, బంగారు, ఎరుపు, నలుపు మీద లేత గోధుమ మచ్చలు, మూడు రంగుల కలయిక, ఇలా చాలా వర్ణాలున్నాయి.

ఈ కుక్క దేహమంతా పరుగు కోసమే ఉన్నట్టుంటుంది. లోతైన ఛాతీలో పెద్ద గుండె, ఊపిరితిత్తులు. నడుము బాగా లోపలికి పోయి, వీపు విల్లులా వంగగలదు. పరుగు తీసేటప్పుడు ఒక్కో అంగలో రెండుసార్లు నాలుగు కాళ్లూ నేలను విడుస్తాయి. కాళ్లు దేహం కిందికి ముడుచుకున్నప్పుడు ఒకసారి, ముందుకూ వెనక్కీ పూర్తిగా చాచినప్పుడు మరోసారి. గిన్నిస్ రికార్డుల పుస్తకం సలూకీ వేగాన్ని గంటకు 68.8 కిలోమీటర్లుగా నమోదు చేసింది. చిన్న దూరంలో గ్రేహౌండ్ ముందుంటుంది. మైళ్ల కొద్దీ సాగే తరుములాటలో, గులకరాళ్ల నేల మీద సలూకీదే పైచేయి. వేళ్లు పొడుగ్గా ఉండి, వేళ్ల మధ్య వెంట్రుకలు ఉండటం ఇసుకలో, రాళ్ల మీద పాదానికి రక్షణ.

స్వభావం

సలూకీ స్వభావాన్ని చాలా పుస్తకాలు ముభావం అనే ఒక్క మాటతో ముగించేస్తాయి. ఆ మాట కొత్తవాళ్ల విషయంలో నిజం. పరాయి మనిషి చెయ్యి చాచితే అది మొరగదు, కరవదు, తల పక్కకు తిప్పుకుని రెండడుగులు వెనక్కి వేస్తుంది. కాపలా కుక్కగా కొనుక్కున్నవారికి నిరాశే మిగులుతుంది. ఇంటివాళ్లతో సంగతి వేరు. ఒకరిద్దరిని మాత్రమే గట్టిగా ఎంచుకుని, వాళ్లున్న గదిలోనే, వాళ్లు కూర్చున్న చోటికి కాస్త ఎడంగా పడుకుంటుంది. ఒడిలో ఎక్కి నాకడం, తోకాడిస్తూ ఇల్లంతా తిరగడం దీని పద్ధతి కాదు. మనిషి ఇంటికొచ్చాడని చెప్పడానికి ఒకసారి కళ్లెత్తి చూడటమే చాలనుకుంటుంది. ఆ మనిషి రెండు రోజులు ఊళ్లో లేకపోతే మాత్రం తిండి మానేసే రకం.

మాట వినడంలో దీన్ని గొర్రెలు కాసే కుక్కలతో పోల్చకూడదు. గొర్రెల కుక్క అడుగడుగునా యజమాని ముఖం చూసి పనిచేస్తుంది. సలూకీ యజమానికి కిలోమీటరు దూరంలో, ఎవరి సంజ్ఞా అందని చోట, జింక ఎటు మలుపు తిరుగుతుందో తనే నిర్ణయించుకోవాల్సిన కుక్క. తరాల తరబడి అలాంటి స్వతంత్ర బుద్ధి ఉన్న కుక్కలనే మనిషి ఎంచుకున్నాడు. ఇప్పుడు అదే బుద్ధిని మొండితనం అనడం న్యాయం కాదు. నేర్చుకోవడంలో ఇది చురుకైనదే. చెప్పిన పనివల్ల తనకేం లాభమో కనిపించాలి, అంతే. చిన్న చిన్న పాఠాలు, నోరూరించే తునకలు, ఐదు నిమిషాల్లో ముగింపు, ఈ పద్ధతి పనిచేస్తుంది. ఒకే ఆజ్ఞ పదిసార్లు చెప్పిస్తే పదకొండోసారి లేచి వెళ్లిపోతుంది. గద్దించినా, కొట్టినా తలవంచి ముడుచుకుపోతుంది. ఆ బెదురు వారాల తరబడి పోదు.

వేట వాసన తగలకపోయినా వేట కంటపడితే చాలు, మిగతా లోకం మాయమైపోతుంది. మైదానంలో గొలుసు పట్టుకుని నడిపిస్తున్న సలూకీని గమనిస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. ముందు అడుగు ఆగుతుంది. మెడ నిటారవుతుంది, చెవుల మొదళ్లు పైకి లేస్తాయి, తోక కదలడం మానేస్తుంది. మనిషి కంటికి ఏమీ కనిపించదు. కాసేపటికి దూరపు పొదలో ఏదో మెదిలినట్టు అనిపించేసరికి గొలుసు బిగుసుకుపోయి ఉంటుంది. ఆ క్షణంలో వదిలితే పిలుపు చెవికెక్కదు. పరుగు ముగిశాక తనంతట తను తిరిగొస్తుంది గాని, మధ్యలో రోడ్డుంటే తిరిగిరాకపోవచ్చు. ప్రమాదాల్లో చనిపోయే సలూకీల్లో చాలావాటి కథ ఇదే.

ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లితో స్నేహంగా ఉండే సలూకీ, అదే పిల్లి పెరట్లో పరుగెత్తితే వెంటపడవచ్చు. కోళ్లు, కుందేళ్లు ఉన్న ఇంట్లో దీన్ని నమ్మకూడదు. తోటి సలూకీలంటే ఇష్టం, రెండుంటే ఒకదానికొకటి తోడు. కుదురైన పిల్లలతో మెత్తగా ఉంటుంది. చెవులు పట్టి లాగే వయసు పిల్లల నుంచి మాత్రం లేచి దూరం జరుగుతుంది, ఆ దారి దానికి ఎప్పుడూ తెరిచి ఉంచాలి. గంటల తరబడి ఒంటరిగా వదిలేస్తే దిండ్లు, పరుపులు చీలికలవుతాయి. మరో సంగతి, ఇది మహా దొంగ. వంటింటి గట్టు దాని ముక్కుకు అందే ఎత్తులోనే ఉంటుంది, చప్పుడు లేకుండా పని కానిస్తుంది.

పెంపకం

రోజూ పరుగు లేనిదే సలూకీ ఆరోగ్యంగా ఉండదు. గొలుసుతో నడిపించడం మంచిదే గాని చాలదు. చుట్టూ కంచె ఉన్న విశాలమైన స్థలంలో స్వేచ్ఛగా పరుగు తీసే అవకాశం వారంలో కొన్నిసార్లయినా ఉండాలి. కంచె కనీసం 1.8 మీటర్లు ఉండాలి. నిలబడిన చోటి నుంచే గోడ దూకేసే కుక్క ఇది. ఎముకలు ఎదిగే వయసులో పిల్లకుక్కను సైకిలు వెంట పరుగెత్తించడం, మైళ్లు నడిపించడం తగదు. ఆ వయసులో తనకు తానుగా ఆడుకునే ఆటే చాలు. పరుగు తర్వాత రోజులో మిగతా భాగమంతా మెత్తని చోట పడుకుని గడిపేస్తుంది. అందువల్ల వ్యాయామం ఇవ్వగలిగితే చిన్న ఇల్లయినా దీనికి ఇబ్బంది ఉండదు.

మామూలు మెడపట్టీ దీనికి పనికిరాదు. మెడకన్నా తల సన్నం కావడంతో వెనక్కి ఒక్క గుంజు గుంజితే పట్టీ తలమీదుగా ఊడొస్తుంది. వెడల్పాటి తోలుపట్టీ, లేదా లాగినప్పుడు కాస్త బిగుసుకుని అక్కడే ఆగే రకం వాడతారు. వెడల్పు ఎందుకంటే, పరుగున వెళ్లి గొలుసు చివర ఆగినప్పుడు దెబ్బ మెడ ఎముకల మీద పడకూడదు.

చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు. గచ్చు మీద పడుకుంటే మోచేతుల దగ్గర, తుంటి దగ్గర చర్మం కాయలు కాస్తుంది, మోచేతి మీద నీటిబుడ్డ లేస్తుంది. మందమైన పరుపు ఇక్కడ విలాసం కాదు. చర్మం పలచన కావడంతో ముళ్లకంప గీసుకున్నా చీలిక పెద్దదవుతుంది. చలిదేశాల్లో చలికాలపు నడకకు కోటు తొడుగుతారు. ఎడారి కుక్క గదా, ఎండను తట్టుకుంటుందిలే అన్న నమ్మకం కూడా పూర్తిగా సరైంది కాదు. ఎడారివాసులే దాన్ని తెల్లవారుజామున, సాయంత్రం వేటకు తీసుకెళ్లి మధ్యాహ్నం నీడన పడుకోబెట్టేవారు. ఉక్కపోత దానికి మరీ కష్టం.

జుట్టు సంరక్షణ తేలిక. నునుపు రకానికి వారానికోసారి రబ్బరు బ్రష్షు, కుచ్చుల రకానికి వారానికి రెండుసార్లు దువ్వెన సరిపోతాయి. చెవుల వెనక, కాళ్ల వెనక వెంట్రుకలు ముందుగా చిక్కుపడతాయి. కుచ్చుచెవులు గిన్నెలో పడి తడవకుండా తిండి పెట్టేటప్పుడు తలచుట్టూ గుడ్డ ముసుగు తొడగడం పెంపకందార్ల అలవాటు. ఒంటి వాసన చాలా తక్కువ, స్నానం తరచు అక్కర్లేదు. గోళ్లు పెరగనిస్తే వేళ్లు పక్కకు వాలి పరుగులో బెణుకుతాయి. వేళ్ల మధ్య ముళ్లు, గడ్డిగింజలు చిక్కాయేమో పరుగైన ప్రతిసారీ చూడాలి. పళ్లకు త్వరగా పాచి పడుతుంది గనుక వారంలో కొన్నిసార్లు తోమడం మంచిది.

తిండి విషయంలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఆరోగ్యంగా ఉన్న సలూకీకి తుంటి ఎముకలు, చివరి పక్కటెముకలు పైకి కనిపిస్తాయి. కుక్కకు అన్నం పెట్టడం లేదా అని ఇరుగుపొరుగు అడుగుతారు. ఆ మాటకు జంకి ఎక్కువ పెట్టి లావు చేయడం మొదటి తప్పు. అసలే తక్కువ తినే కుక్క ఒకపూట ముట్టకపోతే కంగారుపడి రోజుకో కొత్త వంటకం మార్చడం రెండోది. అలా మారిస్తే అది ఏరుకు తినడం నేర్చుకుంటుంది. రోజు తిండిని రెండు పూటలుగా పెట్టాలి. తిన్న వెంటనే పరుగుకు వదలకూడదు. లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. అది జరిగితే కక్కబోయి ఏమీ రాక, పొట్ట బిగిసి, కుక్క నిలవలేక తిరుగుతుంది. అప్పుడు నిమిషాల మీద శస్త్రచికిత్స కావాలి.

ఆరోగ్యం

సాధారణ ఆయుర్దాయం 12 నుంచి 14 ఏళ్లు. పెద్ద కుక్కల్లో తరచు కనిపించే తుంటి కీలు లోపం ఇందులో అరుదు. గుండె జబ్బులు, రక్తనాళాల కణజాలంలో పుట్టే ఒక రకం కేన్సర్ ఈ జాతిని ఎక్కువగా బాధిస్తాయి. పిల్లకుక్కల్లో మూర్ఛలు, నరాల బలహీనత తెచ్చే ఒక వంశపారంపర్య ఎంజైము లోపం కూడా సలూకీల్లో గుర్తించారు. తల్లిదండ్రులిద్దరూ పైకి ఆరోగ్యంగా ఉండి లోపమున్న జన్యువును మోస్తుంటే, పుట్టే పిల్లల్లో సగటున నాలుగింట ఒకటికి జబ్బు వస్తుంది. జన్యు పరీక్ష అందుబాటులో ఉంది కాబట్టి, పరీక్ష చేయకుండా జత కట్టించడానికి ఇప్పుడు సాకు లేదు.

పశువైద్యుడికి తప్పక చెప్పాల్సినవి రెండు. ఒంట్లో కొవ్వు తక్కువ కావడం వల్ల, కాలేయం కొన్ని మందులను నెమ్మదిగా విరగ్గొట్టడం వల్ల, థయోపెంటాల్ వంటి బార్బిట్యురేట్ మత్తుమందుల నుంచి ఈ తరహా కుక్కలు చాలాసేపటికి గాని తేరుకోవు. వేరే మత్తుమందులు ఇప్పుడు సులభంగా దొరుకుతున్నాయి. రెండోది రక్తపరీక్ష. చూపుతో వేటాడే కుక్కల్లో ఎర్ర రక్తకణాల పాలు ఎక్కువ, థైరాయిడ్ హార్మోను మోతాదు మామూలు కుక్కలకన్నా తక్కువ ఉండటం సహజం. ఈ సంగతి తెలియని చోట ఆరోగ్యంగా ఉన్న కుక్కకు థైరాయిడ్ లోపం అంటగట్టి జీవితాంతం మాత్రలు మింగించే అవకాశం ఉంది.

దక్కన్‌లోని బంధువులు

భారతదేశంలో అచ్చమైన సలూకీలు అరుదు. దాని పోలికలున్న కుక్క మాత్రం దక్కన్ పీఠభూమికి బాగా తెలిసిందే. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ పేరుతో ప్రసిద్ధమైన ముధోల్ హౌండ్, మహారాష్ట్ర పల్లెల్లో కారవాన్ అని పిలుచుకునే అదే కుక్క, పశ్చిమాసియా, మధ్యాసియా వర్తకులు, సైనికుల వెంట వచ్చిన సలూకీ తరహా కుక్కల సంతతి అని సాధారణంగా భావిస్తారు. వీటిలో చెవులకు, తోకకు కుచ్చులున్న రకాన్ని పష్మీ అంటారు. ఈ ముధోల్‌కూ తెలంగాణలోని నిర్మల్ జిల్లా ముధోల్‌కూ సంబంధం లేదు. పేరు ఒకటే కావడంతో తెలుగునాట ఈ పొరపాటు సులభంగా జరుగుతుంది. ముధోల్ సంస్థాన పాలకుడు మాలోజీరావు ఘోర్పడే ఈ కుక్కలను చేరదీసి పెంచాడు, ఒక జంటను ఐదో జార్జి చక్రవర్తికి కానుకగా ఇచ్చాడు. 2005లో తపాలా శాఖ దీని బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. 2016లో సైన్యం మీరట్‌లోని తన శిక్షణ కేంద్రానికి కొన్ని ముధోల్ పిల్లలను తీసుకుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో కుక్కలతో కుందేళ్లను, కృష్ణజింకలను వేటాడటం నేరం. ఇంటికో పొలానికో తెచ్చుకున్న ముధోల్ కుక్కకు కూడా సలూకీకి చెప్పిన జాగ్రత్తలే దాదాపు అన్నీ వర్తిస్తాయి: ఎత్తయిన కంచె, వెడల్పాటి పట్టీ, మెత్తని పడక, మత్తుమందు గురించి వైద్యుడికి ముందుమాట. మన పల్లెల్లో వీటికి పిడుదుల బెడద మరొకటి. గ్రేహౌండ్ కుటుంబపు కుక్కల రక్తంలో ప్లేట్‌లెట్లు సహజంగానే తక్కువగా ఉంటాయి. పిడుదుల జ్వరంలోనూ అవే పడిపోతాయి. ఆ ఒక్క అంకె చూసి జబ్బు నిర్ధారించకుండా, జ్వరం, చిగుళ్ల రంగు, తిండి ఎలా ఉన్నాయో చూసి, రక్తంలో క్రిమి ఉందో లేదో తేల్చే పరీక్ష కూడా చేయించడం అవసరం.